పక్క రాష్ట్రంలో పికప్ కొనండి, బాగుపడండి!

మీరు కొత్త పికప్ బండి కొనాలనుకుంటున్నారా? అయితే దయచేసి మన రాష్ట్రంలో కొనకండి! పక్క రాష్ట్రానికి వెళ్లి కొనండి. ఓర్పు, లోకజ్ఞానం, ఇంకో భాష, మూడూ ఒకే బండితో ఇంటికొస్తాయి. ఏ షోరూం ఇస్తుందండీ ఇన్ని ఆఫర్లు?

ఊరికే అనడం లేదు. కంబదూరులో మా పక్కింటి కుళ్లాయప్పకు మొన్నటి వేసవిలో ఈ మహాభాగ్యం దక్కింది. ఉన్న ఒక్క బోరును నమ్ముకుని రెండెకరాల్లో టమాటా వేశాడు. నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయోనని రోజూ మోటారు దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఆశ్చర్యం, కాయ బాగా దిగింది! ప్రతి కోతకూ బాడుగ బండి వీరేష్‌ను బతిమాలకుండా సొంత బండిలో మార్కెట్‌కు పోవాలని అతని కోరిక.

మన షోరూంలో నెల ఆగమన్నారు. సరిహద్దు దాటి కర్ణాటకకు వెళితే ఈ రోజే ఇస్తారని సలహా చెప్పిన మేధావి ఎవరనుకున్నారు? నేనే!

అక్కడి డీలరు ఎంత మర్యాదస్తుడు! వెంట వెళ్లిన నాతో కలిపి ముగ్గురికీ కాఫీ ఇచ్చాడు. కుళ్లాయప్ప భార్య నాగలక్ష్మమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. మూరెడు పొడవున్న అట్ట తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. అద్దానికి తాత్కాలిక నంబరు కాగితం అంటించారు. మీ ఊళ్లో అసలు నంబరు వచ్చేదాకా లోడు మాత్రం వేయొద్దన్నారు. అదెంతసేపు?

బండ్లకు నంబర్లిచ్చే మన రవాణా ఆఫీసులో గుమాస్తా జయరాజు బిల్లు చూశాడు. వంగి బండి ఛాసిస్ మీద చెక్కిన నంబరు చూశాడు. మళ్లీ బిల్లు చూశాడు.

“ఏమప్పా, బండి మింద ఎనిమిది ఉండాది. బిల్లులో ‘బి’ కొట్టినారు. ఇది నీ బండేనని ఎట్ల నమ్మేది?”

“నాది కాకుంటే ఈడికి ఎందుకు తెస్తా సార్?”

“ఆ మాట కంప్యూటర్‌కు చెప్పు.”

చూశారా! ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషికి యాభై ఏళ్ల వయసులో ఇంగ్లీషు అక్షరాలు ఉచితంగా నేర్పారు. ఇక కన్నడమా? డీలరు దగ్గరికి ఎప్పుడు వెళ్లినా “నాళె బన్ని” అనేవాడు. అంటే రేపు రండి అని. ఐదు ప్రయాణాలయ్యేసరికి కుళ్లాయప్ప నిద్రలో కూడా ఆ మాట స్వచ్ఛంగా పలికేవాడట! పైగా రెండు రాష్ట్రాల సెలవులూ నోటికొచ్చాయి. అక్కడ తెరిచిన రోజు ఇక్కడ మూత, ఇక్కడ తెరిచిన రోజు అక్కడ బిల్లులు దిద్దే ఆయన పెళ్లికి పోయివుండేవాడు.

ఈలోగా బండి వృథాగా ఉందనుకుంటున్నారా? తొట్టిలో నాగలక్ష్మమ్మ మిరపకాయలు ఎండబెట్టింది. కింద నీడలో కోడి పొదిగింది. కోతలన్నీ వీరేష్‌కు తీరిక దొరికినప్పుడు అతని బండిలోనే వెళ్లాయి. దానికి హారన్ లేదు, వెనక తలుపును తాడుతో కట్టుకోవాలి. అయితేనేం, నంబరుంది!

“ఇంటి ముందర పెండ్లికొడుకు మాదిరి ఇదొకటి కూర్చోనుండాది. పని మాత్రం ఆ ముసిల్ది చేస్తాండాది” అంది నాగలక్ష్మమ్మ.

తెల్లవారుజామున లోడేసుకుని పోతే ఎవరికి తెలుస్తుందని నేను మరో సలహా పారేశాను.

“వద్దన్నా. దారిలో ఎవురికన్నా తగిలితే ఇది యా బండి అంటారు. అప్పుడు నేనేం చెప్పల్ల?” అన్నాడు కుళ్లాయప్ప. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చివరికి దిద్దిన బిల్లు వచ్చింది. జయరాజు చూసి తలూపాడు. తర్వాత అద్దం మీది కాగితం చూశాడు. దాని గడువు నిన్నటితో తీరిపోయిందట! కొత్తది మళ్లీ డీలరే తెప్పించాలట!

కుళ్లాయప్ప అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. నాగలక్ష్మమ్మ మాత్రం సంచిలోంచి పండిన టమాటా ఒకటి తీసి జయరాజు బల్ల మీద పెట్టింది.

“సార్, ఇది మా మడిలో కాసినాది. రేపు కర్ణాటకలో అమ్ముడుపోతాది. దీన్ని ఏ రాష్ట్రమని ఎవురూ అడగల్యా. దీన్ని మోసే బండికేనా ఇన్ని ప్రశ్నలు? నా కాయలు కుళ్లిపోతాండాయి.”

జయరాజు ఆ కాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కుర్చీ ఆమె వైపు జరిపి, తన ఫోనులోనే డీలరుకు ఫోన్ చేశాడు. ‘నాళె’ అన్న మాట వినిపించగానే “నాళె లేదు, గీళె లేదు, ఇప్పుడే పంపు” అని కసిరాడు. గంటలో కాగితం వచ్చింది. మూడో రోజుకు నంబరూ వచ్చింది!

అప్పటికి తోటలో ఆఖరి కోత మిగిలింది. గోలీల్లాంటి కాయలు, పన్నెండు క్రేట్లు. అయినా కుళ్లాయప్ప బండి కడిగి, కాగితాల ఫైలు నా ఒళ్లో పెట్టి బయలుదేరాడు.

సరిహద్దులో పోలీసులు మమ్మల్ని చూసి పొమ్మని చెయ్యి ఊపారు. కుళ్లాయప్ప బండి ఆపి దిగాడు.

“సార్, కాగితాలు సూడండి.”

“ఎందుకప్పా? పో, పో, వెనక బండ్లు ఆగినాయి!”

అతను తిరిగొచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. కాసేపటికి, “ఒక్కడన్నా అడగకపాయ. దీనికోసరమేనా అన్నా, నా తోటంతా అయిపోయింది?” అన్నాడు.

పాఠకులారా, ఈ ప్రశ్నకు జవాబు కోసం ఏ రాష్ట్రంలో, ఏ ఆఫీసులో దరఖాస్తు చేసుకోవాలో తెలిస్తే కాస్త చెప్పండి. సలహాలకు పేరుమోసిన నేను ఆ రోజు మార్కెట్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.