ఎర్ర పలక మీద నిలబడేదెవరు?

ఎల్లరకూ తెలియజేయునది ఏమనగా, మా గ్రంథాలయంలో పిల్లలు ఆడుకుంటున్న వీడియో గేమ్ వాళ్ల వయసుకు తగునా తగదా అని తేల్చడానికి నలుగురు పెద్దలతో కమిటీ వేశారు. నలుగురిలో ఏ ఒక్కరూ పుట్టి బుద్ధెరిగి వీడియో గేమ్ ఆడలేదు. కాబట్టి నిష్పాక్షికతకు లోటు లేదు.

అధ్యక్షులు రిటైరైన హెడ్మాస్టరు గారు. సభ్యులు ఒక వకీలు, ఒక పళ్ల డాక్టరు, తల్లుల సంఘం కార్యదర్శి గారు. తగదని తేలితే పిల్లలు శనివారాలు ఆడుకునే గదికి తాళం పడుతుంది. ఆ దిగులుతో అన్నం సయించనిది ఒక్క దర్జీ కూతురికే. పన్నెండేళ్ల పిల్ల, అందరూ గుండుసూది అంటారు. బడిలో పెదవి విప్పదు. ఆ గదిలో మాత్రం ముగ్గురు నేస్తాల మీద సేనాధిపతిలా కేకలేస్తుంది. ఇలాంటి చిల్లర సంగతులు కమిటీ పరిధిలోకి రావు.

ఆట ఇదీ. మునిగిపోతున్న ఓడలోంచి నలుగురూ బయటపడాలి. మొదటి గదిలో నేల మీద ఎర్ర పలక ఉంటుంది. ఒకరు దాని మీద నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. ముగ్గురు దాటాక, అవతలి నుంచి తాడు విసిరి నాలుగో మనిషిని లాగాలి. ఇది చాలా కష్టమైన ఆట అని పెట్టె మీదే రాసి ఉంది. ముందు తామే ఆడి చూద్దామని కూర్చున్న మా పెద్దలు దాన్ని అసాధ్యం చేసి చూపించారు.

"నేను నిలబడటమా? ముప్పై రెండేళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టినవాణ్ణి!" అన్నారు అధ్యక్షులు.

"నేను నిలబడితే మీరు తాడేస్తారని గ్యారంటీ ఏంటండీ? కాగితం మీద రాసివ్వండి," అన్నారు వకీలు.

"ఆడవాళ్లని ముందు పోనివ్వడం మర్యాదండీ," అన్నారు కార్యదర్శి గారు. డాక్టరు గారు ఎవరితోనూ మాట్లాడకుండా ఆటలో మూసిన తలుపును తన బొమ్మ తలతో గుద్దిస్తూనే ఉన్నారు.

ఓడ పదకొండుసార్లు మునిగింది. పన్నెండోసారి, తలుపు తక్షణం తెరుచుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించి, నిలబడి చదివారు. తలుపు సభామర్యాద పాటించలేదు. చివరికి పలక మీద నిలబడటానికి అటెండరును పిలిపించారు. ఆటలో నలుగురికే చోటు. అతను కూర్చోవాలంటే ఒకరు లేవాలి. ఎవరు లేస్తారు?

"ఓడ మునిగింది గానీ, కమిటీ పరువు మునగలేదు!" అని అధ్యక్షులు ఉపన్యసించారు. చప్పట్లు.

తర్వాత పిల్లల్ని ఆడి చూపించమన్నారు. గుండుసూది గబుక్కున పోయి పలకెక్కింది. "ఒరే బొండాం, తాడు పట్టుకో! అటు కాదురా మొద్దూ, ఎడంపక్క!" బొండాం నాలుగుసార్లు నీళ్లలో పడ్డాడు. నాలుగుసార్లూ ముగ్గురూ వెనక్కొచ్చి, పడీ పడీ నవ్వుతూ లాక్కుపోయారు. ఇరవై నిమిషాల్లో అందరూ ఒడ్డెక్కారు.

"ముందు నువ్వే దాటొచ్చుగా, ఎందుకాగావమ్మా?" అన్నారు అధ్యక్షులు అనుమానంగా.

"నేనాగకపోతే వాళ్లెలా వెళ్తారు తాతగారూ?"

"వాళ్లు తాడు వెయ్యకపోతే?"

పిల్లకు ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకెయ్యరు?" అంది.

డాక్టరు గారు మంచినీళ్లడిగారు.

నివేదిక మర్నాడే వచ్చింది. "ఈ ఆటలో రక్తపాతం లేదు, బూతులు లేవు. అంతకంటే ప్రమాదకరమైనది ఉంది. ఇందులో ఫస్టు ర్యాంకు లేదు. సాటివాడు వెనకబడితే సంతోషించే అవకాశం ఎక్కడా కల్పించలేదు. రేపు ఈ పిల్లలు పరీక్షలు ఎలా రాస్తారు? ఉద్యోగాలు ఎలా సంపాదిస్తారు? కనుక పద్దెనిమిదేళ్లలోపు వారికి నిషేధం. ఆపై వారికి అభ్యంతరం లేదు. ఆ వయసుకు ఈ జబ్బు అంటదని కమిటీ స్వానుభవంతో ధ్రువీకరిస్తున్నది."

తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. శనివారం గదికి తాళం పడింది. నలుగురు పిల్లల్ని నాలుగు ట్యూషన్లలో వేశారు. గుండుసూది ఇప్పుడు ఎవరి మీదా కేకలెయ్యదు. పక్కపిల్ల కంట పడకుండా పుస్తకానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని లెక్క చెయ్యడం వారంలోనే నేర్చుకుంది.

పిల్ల దారిలో పడిందని మనమందరం ఎంతగానో సంతోషించాం.