ఇనపగేటు నారాయణరావు

ఆ శనివారం పొద్దున లేయా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తినడం, సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఇవ్వాల్సిన ప్రసంగాన్ని ఒకసారి పైకి చెప్పుకోవడం, దాన్ని ఫోనులో రికార్డు చేసి నాటక సమితి కార్యదర్శి శ్రీధర్‌కి వినిపించడం. ఆయన బాగుందంటే మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చవచ్చు.

లేయా నూజివీడులో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. భర్త కిషోర్ బాబుది చాట్రాయి, అక్కడ అతనికి మామిడితోట ఉంది. పెళ్ళయ్యాక ఆమె గుడివాడ నుంచి బదిలీ చేయించుకుని వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ. కానీ పాత నాటకాల్లో మనుషులు మాత్రం ఆమెకు మేనత్తలూ మేనమామల్లా తెలుసు. నాటకంలో ఒక మనిషిని పట్టుకుని, అతను అన్న మాట వదిలేసి, అనబోయి మింగేసిన మాట ఏమిటో వెతకడం ఆమెకు అన్నింటికంటే ఇష్టమైన పని.

ఈసారి ఆమె తీసుకున్నది ‘ఇనపగేటు’. ఎప్పుడో స్వాతంత్ర్యానికి ముందు ఒక బడిపంతులు రాసిన మూడంకాల నాటకం. అందులో నారాయణరావు అనే పెద్ద రైతు తమ్ముడితో తగువుపడి, తోటకు ఇనపగేటు పెట్టించి తాళం వేసుకుంటాడు. ఆ గేటు వెనకాలే చివరికి చచ్చిపోతాడు.

ఆమె ఫోను మైకు పాడై వారం అయింది. కిషోర్ బాబు స్నానానికి వెళ్ళగానే అతని ఫోను తీసుకుని వరండాలో కూర్చుంది. నాటకం పేరూ, రాసినాయన వివరాలూ ఎలాగూ నోటికొచ్చు కాబట్టి వాటిని వదిలేసి, నేరుగా అసలు విషయంలోకి దిగింది.

"నారాయణరావుని అందరూ కఠినాత్ముడంటారు. నేను ఒప్పుకోను. నారాయణరావు పిరికివాడు. మెల్లగా మాట్లాడితే ఎవరూ వినరేమోనని భయపడి అరుస్తాడు. గేటు పెట్టింది తమ్ముడు రాకూడదని కాదు. వస్తాడేమోనని పొద్దస్తమానం అక్కడే నిలబడి చూడటానికి ఒక సాకు కావాలి. రెండో అంకంలో, వానలో, చెట్టు చాటున ఒంటరిగా ఏడ్చేవాడే అసలు నారాయణరావు. అందుకే మూడో అంకంలో అతని చావు అనివార్యం. గేటు వేసుకున్నవాడి దగ్గరికి డాక్టరు కూడా రాలేడు."

తన గొంతు తనకే నచ్చింది. వాట్సాప్ తెరిచి ‘సమితి’ అని కొట్టింది. మొదట కనిపించిన సమితికి పంపేసి, ఫోను యథాస్థానంలో పెట్టింది. కిషోర్ బాబు తల తుడుచుకుంటూ వచ్చి, ఫోను జేబులో వేసుకుని, తోటలో కాయ కోత ఉందని వెళ్ళిపోయాడు. తోటలో సిగ్నల్ ఉండదు. చొక్కా ఒక కొమ్మకి తగిలించాడంటే ఇక ఫోను సంగతి అతనికి గుర్తు కూడా ఉండదు.

ఆ ఫోనులో నాటక సమితి లేదు. ఉన్నది మామిడి రైతుల సమితి. దాని అధ్యక్షుడు ముసునూరు నారాయణరావు. రోడ్డు పక్కన పెద్దతోట ఆయనదే. ఆయన మాట్లాడితే తోట ఈ చివర కోస్తున్నవాళ్ళకి, ఆ చివర ట్రేలు సర్దుతున్నవాళ్ళకి కూడా ఒకేసారి పని తెలుస్తుంది. తమ్ముడు రామకృష్ణతో మాటల్లేవు. నిరుడు వానలకి ముందు, తమ్ముడి ట్రాక్టరు తన తోటలోంచి పోకుండా ఆయన దారికి అడ్డంగా గేటు పెట్టించాడు. ఇనపగేటే.

ఆ సమితిలో ఆయన్ని ‘గారు’ లేకుండా పిలిచినవాడు ఇంతవరకూ లేడు. అలాంటిది ఎవరో ఆడమనిషి, కిషోర్ బాబు నంబరు నుంచి, ‘నారాయణరావు పిరికివాడు’ అని ప్రశాంతంగా, ఒత్తులు పోకుండా చెప్పేసరికి రెడ్డిగూడెం దాకా కోతలు ఆగిపోయాయి. "కాలేజీ మేడమ్ గారంట. మనిషిని చూడకుండానే లోపలున్నదంతా చెప్పేస్తారంట," అన్నారు ఒకరు. ఇంకాసేపటికి అది, మేడమ్ ఎవరి గురించి చెప్పినా తు.చ. తప్పకుండా జరుగుతుందట అనేదాకా వెళ్ళింది.

ఎండ ముదిరాక లేయా ఇంటి ముందు ఆటో ఆగింది. నీరుకావి చీర కట్టుకున్న పెద్దావిడ దిగి, గుమ్మంలోనే నిలబడి నమస్కారం పెట్టింది.

"నా పేరు తులసమ్మండి. ముసునూరు నుంచి వచ్చాను. మీరు నారాయణరావు గురించి చెప్పింది విన్నాను," అంది. ఆ పేరు పలకడానికి ఆవిడ పడిన అవస్థ చూసి, ఎండకి నోరెండిపోయిందేమో అనుకుని లేయా మంచినీళ్ళు తెచ్చింది. భర్త పేరు ఆవిడ నోటితో పలకడం జీవితంలో అదే మొదటిసారని లేయాకి తెలియదు.

"అప్పుడే విన్నారా అండీ? శ్రీధర్ గారు వినిపించారా?"

"అందరూ వింటున్నారండి. ఆయన సంగతి మీకెలా తెలిసిందా అని అడగడానికి వచ్చాను."

"చాలా ఏళ్ళుగా ఆయనతోనే ఉన్నానండి," అంది లేయా నవ్వుతూ. "కాలేజీలో చదువుకునే రోజుల నుంచీ. రాత్రుళ్ళు నిద్ర కూడా పట్టనిచ్చేవాడు కాదు."

తులసమ్మ గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది. లేయా వయసు చూసింది. మెడలో గొలుసు చూసింది. లెక్క కుదరక మళ్ళీ మొహం చూసింది.

"ఆ ఏడుపు నిజమేనాండి?" అని చివరికి అడిగింది.

"నిజమేనండి. భార్యకి కూడా తెలియనివ్వడు. ఆవిడ అన్నం పెట్టి పిలిస్తే మొహం కడుక్కుని వెళ్ళి, పప్పులో ఉప్పు తక్కువైందని అరుస్తాడు. అది కోపం కాదండి. గొంతు వణుకుతుంది కదా, అది కప్పుకోవడానికి."

తులసమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. నిరుడు వానల్లో ఒకరోజు పప్పు గిన్నె ముందు జరిగింది సరిగ్గా ఇదే. ఆ ఉప్పు సరిపోయిందని ఆవిడకి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

"మరి... చావు తప్పదంటారా?"

"తప్పదండి. తప్పిస్తే మొత్తం చెడిపోతుంది."

"ఎవరికండి?"

"చూసేవాళ్ళకండి. అంతసేపు కూర్చున్నవాళ్ళకి ఏం మిగులుతుంది చెప్పండి."

తులసమ్మ లేచింది. కొంగు దోపుకుంది. లేయా గేటు దాకా వెళ్ళి, "సాయంత్రం హాలుకి తప్పకుండా రండి. మీవారిని కూడా తీసుకురండి. ఇలాంటివి మగవాళ్ళు వింటే మంచిది," అంది. ఆటో వెళ్ళిపోయాక కూడా ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. ముసునూరు నుంచి ఒక పెద్దావిడ, ఈ ఎండలో, ఒక పాత్ర గురించి ఇంత కలవరపడుతూ రావడం. తెలుగు నాటకానికి ఇంకేం కావాలని ఆమె గుండె నిండిపోయింది.

ముసునూరులో మధ్యాహ్నానికి నారాయణరావు పెద్దతోటలో కోత మాన్పించి, మనుషుల్ని పిలిచి గేటు ఊడదీయించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. కిలోమీటరు అవతల ఆ మోతలు విన్న రామకృష్ణ, అన్నయ్య తన ట్రాక్టరు మీదికి వస్తున్నాడనుకుని కర్ర పట్టుకుని బయల్దేరాడు. ఎదురొచ్చినవాళ్ళు, "అన్నయ్యగారికి డాక్టరు రావడానికి దారి చేస్తున్నారు," అన్నారు. కర్ర రోడ్డు మీదే వదిలేసి అతను పరిగెత్తాడు. గేటు లేని దారిలో అన్నదమ్ములిద్దరూ ఎదురుపడ్డారు.

"హాలుకి రమ్మన్నారంట," అన్నాడు నారాయణరావు. జనం చెవులు నిక్కించి విన్నారు. ఆయన మెల్లగా మాట్లాడటం వాళ్ళకి అదే మొదటిసారి.

సాయంత్రానికి గ్రంథాలయం ముందు ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, రసాల మామిడిపళ్ళ వాసన. ఎప్పుడూ సమితి సభ్యులే ఒకరి ప్రసంగం ఒకరు వినే హాల్లో కుర్చీలు చాలక శ్రీధర్ టెంటు హౌసుకి పరిగెత్తాడు. "మేడమ్, నా సర్వీసులో ఇంత జనాన్ని చూడలేదు," అని మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. లేయా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. కిటికీల బయట చూరు నీడన నిలబడ్డవాళ్ళు కూడా గుసగుసలాడటం లేదు.

అప్పుడు కిషోర్ బాబు వచ్చాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

"నువ్వు పంపింది నాటక సమితికి కాదు," అన్నాడు ఆమె చెవిలో. "రైతుల సమితికి. ఆ ముందు వరసలో తెల్లపంచె కట్టుకున్నాయన నారాయణరావు గారు. పక్కన ఆయన తమ్ముడు. ఆ తులసమ్మ గారు ఆయన భార్య."

లేయా ఆ వరసను చూసింది. తులసమ్మ ఆమెనే చూస్తోంది. చేతిలో ఉన్న కాగితాలు ఒక్కసారిగా బరువెక్కాయి. వెనక తలుపు ఉందా అని చూసింది. ఉంది కానీ దానికి అడ్డంగా జనం ఉన్నారు.

మైకు ముందుకు వెళ్ళి, గొంతు సవరించుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. అది నాటకం అని, ఆ నారాయణరావు ఒక పాత్ర అని, తను పొరపాటున వేరే సమితికి పంపానని, క్షమించమని.

హాలు కదలలేదు. వెనక నుంచి ఎవరో, "ఆయనా ఈయనా వేరేం కాదులెండి," అన్నారు.

నారాయణరావు లేచి నిలబడ్డాడు. "మొహమాటపడకండి మేడమ్. అందులో గేటు ఉందా లేదా?"

"ఉందండి."

"తమ్ముడు ఉన్నాడా?"

"ఉన్నాడండి."

"రాసినాయన మా ఊరు వచ్చాడా?"

"లేదండి. మీరు పుట్టకముందే పోయారు."

నారాయణరావు కండువా సర్దుకున్నాడు. తరువాత, "వానలో చెట్టు చాటున అన్నారు. ఏ చెట్టో రాశాడా?" అని అడిగాడు.

"రాయలేదండి."

"పెద్దరసం," అన్నాడాయన, కూర్చుంటూ.

తులసమ్మ భర్త వైపు తిరిగి, పెళ్ళిపీటల మీద చూసినట్టు చూసింది. రామకృష్ణ తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళుగా లేయా ఆ నాటకాన్ని విడదీసి చూసింది, పేర్లు పెట్టింది, పిల్లలకి నోట్సు చెప్పింది. ఎవరో బడిపంతులు, ఎక్కడో లాంతరు ముందు కూర్చుని, తను ఎన్నడూ చూడని ఒక తోటలో, ఇంకా పుట్టని ఒక మనిషిని ఏడిపించాడు. దాన్ని ఏమని విశ్లేషించాలో ఆమెకి తోచలేదు.

"మొదటి నుంచి చదవండి," అన్నాడు నారాయణరావు. "నేనేం చేశానో వినాలి."

ఆమె ప్రసంగం పక్కన పెట్టి, సంచిలోంచి పుస్తకం తీసి నాటకం చదివింది. గేటు పెట్టినప్పుడు జనం నిట్టూర్చారు. పప్పు దగ్గర ఆడవాళ్ళు నవ్వారు, తులసమ్మ నవ్వలేదు. మూడో అంకంలో గేటు బయట తమ్ముడు తాళం మీద కొట్టే చోట, ముందు వరసలో ఇద్దరు పెద్దమనుషులు ఒకే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. ఫోను పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

అయిపోయాక నారాయణరావు మళ్ళీ లేచాడు. "చావు తప్పదన్నారు కదా."

"నాటకంలో తప్పదండి."

"బయటో?"

లేయా ఆయన్నీ, పక్కనున్న తమ్ముణ్ణీ చూసింది. ఇన్నాళ్ళూ తను అంత ధీమాగా వాడిన ‘అనివార్యం’ అనే మాట, ఇప్పుడు నోటికి రాలేదు. "బయట గేటు తీయించేశారు కదండీ," అంది.

"పొద్దున్నే చెప్పుంటే బాగుండేది," అన్నాడు నారాయణరావు, హాలు అదిరేటట్టు, తన పాత గొంతుతోనే. "మధ్యాహ్నం నుంచీ భయంతో అన్నం తినలేదు."

హాలంతా నవ్వింది. రామకృష్ణ అన్నయ్య చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుంటూ వెళ్ళి, తన ట్రాక్టరు ఎక్కించుకున్నాడు. లేయాని ఊళ్ళోంచి పంపించేస్తారేమోనని భయపడిన కిషోర్ బాబు, రెండు చేతులా మోయలేనన్ని రసాలతో ఇంటికి చేరాడు.

వచ్చే నెలకి నాటక సమితి ఇంకో పాత నాటకం ప్రకటించింది. అందులో కథానాయకుడి పేరు సుబ్బారావు. ఆ పేరుగలవాళ్ళు చాట్రాయిలో ఒకరు, రెడ్డిగూడెంలో ఇద్దరు తేలారు. ముగ్గురూ ముందు వరసలోనే కుర్చీ కావాలన్నారు.