తీసివేతలో తేలిన ఇండ్లు

మూడు పట్టణాల గృహ నమోదు సంఘం వారి కంప్యూటర్ నేటి వరకు ఒక్క లెక్క కూడా తప్పలేదని ప్రజలకు సవినయంగా తెలియజేస్తున్నాము. ఇల్లు లేనివారికి ఇల్లు ఇప్పించే ఈ సంఘానికి ఆఫీసు సూర్యాపేటలో, తెలివి కోదాడలో, తొలి లబ్ధిదారుడు మిర్యాలగూడలో దొరికారు.

తెలివి అంటే యుగంధర్. కోదాడలో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. దరఖాస్తుల ప్రోగ్రామును పైథాన్ అనే కంప్యూటర్ భాషలో, అందులోనూ పాత వెర్షన్‌లో రాసిచ్చాడు. ఆ వెర్షన్‌కు తయారుచేసినవాళ్లే 2020లో విశ్రాంతి ఇచ్చేశారు. అయితేనేం, రిటైరైనవారికి పొడిగింపు ఇవ్వడం మన ఆఫీసుల మర్యాద.

ఆ పాత వెర్షన్‌లో, కీబోర్డు మీద కొట్టినదాన్ని తీసుకోవడానికి రెండు ఆజ్ఞలున్నాయి. ‘రా ఇన్‌పుట్’ అంటే కొట్టింది కొట్టినట్టు రాసుకుంటుంది. వట్టి ‘ఇన్‌పుట్’ అంటే ముందు లెక్క కట్టి, తేలినదాన్ని రాసుకుంటుంది. యుగంధర్ పేరు అడిగేచోట మొదటిది పెట్టాడు. ఇంటి నంబరు దగ్గర, నంబరే కదా అని రెండోది పెట్టాడు. మన ఇంటి నంబర్ల మధ్య అడ్డగీత ఉంటుందని ఆయనకు తెలియక కాదు, ఆయన ఇంటికీ ఉంది. కంప్యూటర్ దాన్ని తీసివేత అనుకుంటుందని మాత్రం తట్టలేదు.

కాబట్టి పాలకీడు ఈదయ్య తన ఇల్లు 3-17 అని చెప్పగా, రసీదు మీద ‘ఇల్లు: మైనస్ 14’ అని వచ్చింది. ఆ ఇల్లు నేలకింద ఎంత లోతున ఉందో చూసి రమ్మని సంఘం సర్వేయరును పంపింది. ఆయన రెండు రోజులు వెతికి, పాత బావి తప్ప ఏమీ కనబడలేదని నివేదిక ఇచ్చాడు. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని రామనర్సయ్య గారు నలుగురితో నారాయణా అని ఒక దరఖాస్తు పడేశారు. వారిది రెండంతస్తుల మేడ, నంబరు 5-5. ‘ఇల్లు: 0’ అని వచ్చింది. తాను నిరాశ్రయుడినని పాపం ఆయనకు అప్పటిదాకా తెలియదు. మంజూరు పత్రం అందుకుంటూ కంటతడి పెట్టారు.

ఇక ఆత్మకూర్ (ఎస్) సాయమ్మ. మొన్నటి వానకు ఆమె ఇంటి గోడలు మూడు కూలాయి. దర్వాజా ఉన్న గోడ ఒక్కటి మిగిలింది, దాని మీద 19-2 అని నంబరు. ఆ గోడకు టార్పాలిన్ కట్టుకుని ఉంటోంది. ఆపరేటర్ రూప ఆ నంబరు కొట్టగానే పదిహేడు తేలింది.

“పదిహేడు ఇండ్లున్నోళ్లకు ఇంకోటి ఎట్లిస్తమమ్మా?” అన్నారు సంఘాధ్యక్షులు పరశురాములు గారు.

“పదిహేడిండ్లుంటే గీడ లైన్ల ఎందుకు నిలబడ్త సారూ? జర వచ్చి సూడుండ్రి.”

“మిషన్ చూసింది గదా.”

రూపకు మనసు ఒప్పక కోదాడకు ఫోన్ చేసింది. యుగంధర్ దొరికిన బస్సు ఎక్కి వచ్చాడు. “తప్పు నాదేనండీ. అక్కడ ముందు ‘రా’ అని తగిలిస్తే చాలు. ఆవిడ ఏం చెబితే అదే రాసుకుంటుంది. నిమిషం పని,” అన్నాడు.

అధ్యక్షులు లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

“మిత్రులారా! ప్రజలు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడానికి గేటు దగ్గర అర్జీలు రాసేవాడు చాలు. చెప్పినదాంట్లోంచి కొంత తీసివేసి రాసుకునేదాన్నే కార్యాలయం అంటారు. ఎవరూ నేర్పకుండానే ఈ సత్యాన్ని మన యంత్రం గ్రహించింది. దాన్ని చెడగొట్టే అధికారం మనకు లేదు!”

చప్పట్లు మోగాయి. యుగంధర్‌కు శాలువా కప్పారు. ఆయన కప్పించుకుని కోదాడ బస్సెక్కాడు.

రామనర్సయ్య గారి అదృష్టం వారంలో ఊరూరా పాకింది. హుజూర్‌నగర్ దుకాణాల్లో నల్లరంగు డబ్బాలు అయిపోయాయి. 4-9 వారు 4-4 అయ్యారు. 7-30 వారూ, వారి ఎదురింటివారూ 7-7 అయ్యారు. పోస్ట్‌మ్యాన్ ఒకే వీధిలో పదకొండు 7-7లు తిరిగి సెలవు పెట్టాడు. ఈ చుట్టుపక్కల ఎవరికీ ఇల్లు లేదని కంప్యూటర్ తేల్చింది. ఇంత పేదరికాన్ని వెలికితీసినందుకు సంఘానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

రూప తన డబ్బులతో ఒక చిన్న డబ్బా కొని ఆత్మకూర్ వెళ్లింది. “అవ్వా, 19-19 అని రాయనియ్యి. నీకూ ఇల్లొస్తది,” అని బతిమాలింది.

“గది నా పెనిమిటి రాసిన నంబరు బిడ్డా. గది తుడిసేస్తే, రేపు సార్లు వచ్చి సూసినప్పుడు గిదే నా ఇల్లని ఎట్ల జెప్త?”

సార్లు వస్తారనే ఆమె ఇంకా నమ్ముతోంది. రూప మూత తీయకుండానే డబ్బా వెనక్కి తెచ్చింది. మా వైపు నంబరు మార్చనిది ఆ ఒక్క గోడే. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఈ ప్రకటన రాస్తున్న నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఎందుకంటారా? మా ఇల్లు 6-6. నిరుడు 6-31 ఉండేది.

మీరు మాత్రం నవ్వకండి. చదువుతూ చదువుతూ మీ ఇంటి నంబరు ఎంత తేలుతుందో ఈపాటికి తీసివేసి చూసుకునే ఉంటారు.