మూడు నెలల మందు

"గది సంగతి తర్వాత. ముందు ఇది చెప్పుండ్రి, నా మిక్సీ జార్ పచ్చడికా, పంటకా?" అన్నాను. పావుగంటలో ఆ మాట అనడం నాలుగోసారి.

"రెంటికి పనికొస్తది వాసంతీ. మొక్కలు గూడ తినాల్నా, ఒద్దా?" అన్నారు మా వారు.

అల్లం నూరే నా జార్ మైలుతుత్తంతో, అంటే నీలం రాగి ఉప్పుతో, నెమలి కంఠంలా మెరిసిపోతోంది.

మా వారు బాల్‌రాజ్ ఎల్బీ నగర్‌లో ఎరువుల దుకాణంలో ఇరవై రెండేళ్లు బస్తాలు అమ్మారు. ఆయనకు ఆలోచన వచ్చినప్పుడల్లా నాకో గిన్నె పోతుంది. ఈసారి ఆలోచన చాలా పెద్దది. మా కొత్తపేటలో ఇప్పుడు ప్రతి మేడ మీదా తోటే. ఆ మొక్కలకు చిటికెడు జింకు, చిటికెడు రాగి చాలు. కానీ పొడి చల్లితే నీళ్లకు కొట్టుకుపోతుంది. అదే పుట్టమన్నులో కలిపి, శనగగింజంత గుళికలు చేసి, పైన పూత పూస్తే, మూడు నెలలపాటు మెల్లమెల్లగా వదులుతుందట.

"మెల్లగ వదిలేది మీకు కొత్తనా? మా తమ్ముని పెండ్లికి కొంటనన్న చీర ఇంక మీ నోట్లనే ఉన్నది" అన్నాను.

అసలు గొడవ మేడ మీది గది కోసం. కిరాయి వాళ్లు ఖాళీ చేశారు. నా కుట్టుమిషను ఆరేళ్లుగా మంచానికీ బీరువాకూ మధ్య ఇరుక్కుని ఉంది. బ్లౌజు కుట్టాలంటే మంచం మీద కూర్చుని కాళ్లు గోడకు తన్నిపెట్టాలి. ఆ గది నాకు కావాలి. ఆయనకేమో కార్ఖానా పెట్టాలి.

తీర్పు మా అత్తమ్మ అండాలమ్మ చెప్పింది. పోచంపల్లిలో నలభై ఏళ్లు నూలుకు గంజి పెట్టిన చెయ్యి ఆమెది.

"బాల్‌రాజూ, ఒక గుళిక గిలాసల నీళ్లల్ల ఎయ్యి. ఐతారం నాటికి నీళ్లు ముదురు నీలమైతే గది కోడలిది. అసలు రంగే రాకున్నా కోడలిదే. జరంత లేతగ వస్తెనే నీది."

మొదటి గుళిక అయిదు నిమిషాల్లో కరిగింది. రెండోదానికి ఆయన కొవ్వొత్తి మొత్తం కరిగించి పోశారు. అది రోకలితో కొట్టినా పగల్లేదు.

"ఇది మెల్లగ విడుదలయ్యేది గాదు, యావజ్జీవ శిక్ష" అన్నాను.

శనివారం మూడోదానికి గంజి ఒకేసారి మందంగా పట్టించి నీళ్లలో వేసి, గ్లాసును మేడ గది కిటికీలో పెట్టి, గెలిచినంత ధీమాతో గది తీర్పు రాకముందే, నాకు తెలియకుండా, కాలనీ మగవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఓ సందేశం పెట్టేశారు: "మా మేడ మీద సొంతంగా మందు తయారు చేశాను. ఒక్కసారి వేస్తే మూడు నెలలు పని చేస్తుంది. ఆదివారం పదకొండింటికి రండి. శాంపిల్ ఉచితం. మా ఆవిడకు చెప్పొద్దు."

ఎరువుల దుకాణంలో ఎరువును మందే అంటారు. కాలనీలో మగవాళ్లు ఇంకోదాన్ని అంటారు.

ఆదివారం పదకొండు కాకముందే బెల్లు మోగింది. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడ్డ జోగారావు గారు ఇస్త్రీ లాల్చీలో, స్టీలు గ్లాసుతో, మిక్చర్ పొట్లంతో నిలబడ్డారు. వెనకాల ఏడుగురు, తలో గ్లాసుతో. ఒకాయన చేతిలో సోడాలు.

"అయ్యో, వాసంతి గారూ, మీరు ఇంట్లోనే ఉన్నారా అండీ?"

"మా ఇంట్ల నేను ఉండకుంటే ఎవరుంటరు సార్?"

"అబ్బే, బాల్‌రాజ్ గారు ఏదో మందు..."

"పైనున్నది, పోయి సూడుండ్రి" అన్నాను. ఎనిమిది మంది పిల్లుల్లా మెట్లెక్కారు. ఎరువుకు మిక్చర్ ఎందుకో అర్థం కాక నేనూ, బియ్యం చెరుగుతున్న చాటతోనే అత్తమ్మా వెనకే వెళ్లాం.

"ఎన్నాళ్లు ఊరబెట్టారండీ?" జోగారావు గారు, పైన కాచుకుని ఉన్న మా వారిని గొంతు తగ్గించి అడిగారు.

"ఒక్క రోజే సార్. పుట్టమన్ను మంచిగ నానాలె గద."

"పుట్టమన్నా! నాటు పద్ధతన్నమాట. ఎంత వెయ్యాలండీ?"

"మొదట్ల జరంత ఏస్తే సాలు. మూడు నెలలు మళ్లీ ముట్టొద్దు."

"మొదట్లో వేసి మళ్లీ ముట్టకూడదా? మరి ఈ మిక్చర్ ఏం చెయ్యమంటారండీ?"

అంతలో ఆయన కళ్లు కిటికీలోని గ్లాసు మీద పడ్డాయి. చిక్కటి నీలం.

"ఆహా! ఫారిన్ రంగండీ!" అంటూ ఎత్తారు.

అత్తమ్మ చేతిలోని చాట జోగారావు గారి మణికట్టు మీద ఫట్‌మంది. "అది మైలుతుత్తం సారూ! మొక్కల మందు! మూడు నెలలు గాదు, పొద్దుగూకేదాక గూడ బతుకవు!"

ఎవరి చేతిలోనో సోడా సుయ్‌మంది. ఎనిమిది గ్లాసులు ఎనిమిది వీపుల వెనక్కి వెళ్లాయి.

నేను నీలం నీళ్లకేసి చూసి, మా వారికేసి చూశాను.

"ఎండకు గట్ల కనవడ్తున్నది" అన్నారాయన, గోడతో చెబుతున్నట్టు.

అత్తమ్మ కిందకు వెళ్లి బియ్యం డబ్బా వెనక నుంచి ఇంకో గ్లాసు తెచ్చింది. ఉతికి ఉతికి వెలిసిన చీరంత లేత నీలం. అడుగున గుళిక చెక్కుచెదరలేదు.

"బుధారం ఏసిన. గంజి ఒక్కటే పారి మందంగ పూస్తే పలుగుతది కొడకా. గంజిల జర మైనం, జర నూనె కలిపి, పలుసగ మూడు పూతలెయ్యాలె. ఒక్కటి ఆరినంకనే ఇంకొకటి. నూలుకు నలభై ఏండ్లు చేసింది గదే గద."

వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోలేక ఆ గుళికలే అడిగారు. అత్తమ్మ తాను చేసి దాచిన గుళికల డబ్బా తెచ్చి, తలా పది స్టీలు గ్లాసుల్లో పోసింది. జోగారావు గారు మిక్చర్ పొట్లం ఆమె చేతిలో పెట్టి, చప్పుడు కాకుండా దిగిపోయారు.

రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయి ప్రణతి నాన్న ఫోనులోని ఆ సందేశం పైకి చదివి పొలమారేలా నవ్వింది. అత్తమ్మ మాత్రం పెరుగు కలుపుకుంటూ, ఉప్పు అడిగినంత నెమ్మదిగా అంది:

"రేపటి సంది పైన గది వాసంతిది. మిషను పొద్దుగాల ఎక్కియ్యాలె. మధ్యాహ్నం అండ్లనే నేను, కోడలు గుళికలు చేస్తం. బాల్‌రాజు గుళికలు ఆరవోసే చాట వడ్తడు. కొత్త జార్ తెస్తడు. గ్రూపుల 'ఎరువు' అని రాస్తడు."

మా వారు ముద్ద చాలాసేపు నమిలారు. 'సరే' అన్న మాట ఆయన నోట్లోంచి మెల్లగా, పూత తర్వాత పూతగా విడుదలైంది.