తప్పులేని దరఖాస్తు

పొలాలకు కరెంటు కోరువారు ఇకపై కంప్యూటరు ద్వారానే దరఖాస్తు చేసుకోవలెనని, కాగితపు దరఖాస్తులు స్వీకరింపబడవని తమిళనాడు కృష్ణగిరిలోని ఒకానొక కార్యాలయం 2006వ సంవత్సరంలో ప్రకటించింది. ఆ ప్రకటనను కాగితం మీద అచ్చు వేయించి ఊరూరా గోడలకు అంటించారు. కాగితానికి అంత్యక్రియలు కాగితం మీదే జరగడం శాస్త్రసమ్మతమే.

బాగలూరు దగ్గరి పల్లెలో కొండప్ప గులాబీలు పండించే రైతు. దైవానుగ్రహం వల్ల ఆయన బోరులో నీరు పడింది. ప్రభుత్వానుగ్రహం ఇంకా పడనందున మోటారుకు కరెంటు లేదు. ఆ వేసవి లోపల కరెంటు రాకపోతే తోట దక్కదు. అందుచేత ఆయనా, భార్య అంజనమ్మా కలిసి ఆయన అన్న కొడుకు మునిరాజు ఇంటికి వెళ్లారు. మునిరాజు మూకండపల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగి, ఇంట్లో కంప్యూటరు గలవాడు. దానికి పట్టుగుడ్డ కప్పి, పసుపు కుంకుమలు పెట్టి, చెప్పులతో ఎవరూ సమీపించకుండా కాపాడుతున్నాడు. దానిచేత ఏ పనీ చేయించి ఎరుగడు. పూజ్యులకు పని చెప్పడం మన సంప్రదాయం కాదు.

దరఖాస్తు పీడీఎఫ్ అనే రూపంలో తెర మీద సాక్షాత్కరించింది. ఇందులో టైపు చేసినది దాచబడదు, నింపిన వెంటనే ప్రింటు తీసుకొనవలెను అని ఇంగ్లీషులో ఒక హెచ్చరిక కూడా ప్రత్యక్షమైంది. మునిరాజు దానికి నమస్కరించి ఓకే నొక్కాడు. చదవకుండా ఓకే నొక్కడం ఈ యుగపు ఆచమనం; అది కానిదే ఏ క్రతువూ మొదలు కాదు.

కొండప్ప చెప్పసాగాడు, మునిరాజు ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి పట్టుకున్నాడు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, బోరు లోతు, సమస్తమూ నింపి సేవ్ చేశారు. కర్పూరం వెలిగించారు. మళ్లీ తెరిచి చూస్తే దరఖాస్తు నిర్గుణ పరబ్రహ్మమువలె తెల్లగా వెలుగుతోంది.

“యాడికి పోయిందిరా నేను చెప్పిందంతా?”

“ఈడనే ఉండె చిన్నాయనా! సేవ్ కూడా చేసినాను.”

“ఆఫీసోళ్ల కాడనే నిలవని పేరు, ఈ పెట్టెలో నిలుస్తాదా?” అంది అంజనమ్మ.

రాహుకాలం తప్పించి మళ్లీ నింపారు. మళ్లీ అంతా బ్రహ్మంలో లీనమైంది. అప్పుడు అంజనమ్మకు జ్ఞానోదయమైంది.

“తప్పు మీదే. విత్తనం నాటినాక మొలిచిందా లేదా అని మట్టి తవ్వి చూస్తారా ఎవరన్నా? తెరిచి చూస్తా ఉంటే యాడ నిలుస్తాది? ఈతూరి తెరవద్దండి.”

సేద్యం తెలిసిన ఇంటివాళ్లు కనుక ఈ వాదాన్ని ఎవరూ కాదనలేకపోయారు. మూడవసారి నింపి, సేవ్ చేసి, తెరవకుండా, పైన ఊరి పేరు ఒక్కటి రాసి మునిరాజు దానిని మెయిలులో పంపాడు.

కార్యాలయంలో దరఖాస్తుల పరిశీలన నిష్ఠగా సాగింది. ఒకని పేరు తమిళంలో ఒక తీరుగా, ఇంగ్లీషులో ఒక తీరుగా ఉన్నందున తిరస్కరించారు. పట్టాలో బ్రతికి ఉన్న తండ్రిని దరఖాస్తులో చంపినందుకు మరొకనిని తిరస్కరించారు. చివరకు తప్పు పట్టడానికి ఏమీ లేని దరఖాస్తు ఒక్కటే మిగిలింది. దానిని చేతబట్టి అధికారి గద్గద కంఠంతో ప్రసంగించాడు:

“నా సర్వీసులో ఇంత నిర్దుష్టమైన దరఖాస్తును చూడలేదు! ఇందులో కొట్టివేత లేదు, పొరపాటు లేదు, అసత్యం అసలే లేదు. పౌరుడంటే ఇతడు!”

ఇతడెవరని అడిగి ఆ శుభఘడియను పాడుచేసేంత సంస్కారహీనులు అక్కడ లేరు. దరఖాస్తు మంజూరైంది. మెయిలు మీద ఊరి పేరు ఉన్నది కనుక ఉత్తరువు, ఆ దరఖాస్తుతో సహా, ఆ ఊరి పెద్ద ఈశ్వరప్రసాద్ చేతికి అందింది. అన్ని గళ్లు అలా అనాథలై ఉండడం చూసి ఆయన దయార్ద్రహృదయం ద్రవించింది. సొంత కలంతో, సొంత పేరుతో, ముత్యాలవంటి అక్షరాలతో నింపాడు. ఆయన మామిడితోపులో బోరు లేదు. బోరు లోతు గడిలో మాత్రం కొండప్ప బోరుకంటె ఎక్కువే వేశాడు. పెద్దలు దేనిలోనూ తక్కువ కారాదు.

స్తంభాలు కొండప్ప గట్టు మీదుగా, తీగలు ఎండుతున్న గులాబీల మీదుగా మామిడితోపుకు నడిచి వెళ్లాయి. కొండప్ప ఈశ్వరప్రసాద్ దగ్గరికి పరుగున వచ్చాడు.

“ఈ కరెంటు నేనడిగింది కదా సామీ! మునిరాజు ఇంట్లో రాయించినాను.”

“అడిగినావేమోలే. నీ పేరు యాడుందో చూపించప్పా, ఇప్పుడే ఇచ్చేస్తాను,” అని ఆయన కాగితం చేతికిచ్చాడు.

కొండప్ప కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కండువా సర్దుకుని వెళ్లిపోయాడు. ప్రారంభోత్సవంలో ఈశ్వరప్రసాద్ ఈ వెలుగు తనది కాదని, ఊరందరిదని గంటసేపు సెలవిచ్చాడు. ఆయన మెడలోని గులాబీదండ కొండప్ప తోటలోదే. ఆ తోట మరి పూయలేదు.

పాఠక మహాశయులు ఈపాటికి కొండప్ప అమాయకత్వానికి జాలిపడి ఉంటారు. బండికో, ఇంటికో, పాలసీకో “ఇంటూ గుర్తున్న చోటంతా సంతకం పెట్టండి సార్, మిగతాది మేమే నింపుకుంటాం” అన్న ఏజెంటుకు కాఫీ ఇచ్చి మరీ, ఖాళీ కాగితాల మీద మీరు చేసిన సంతకాలు ఎవరి బీరువాలలో ఉన్నాయో మీకు తెలియదు, మాకూ తెలియదు.

కొండప్ప నయం. మూడుసార్లు నింపాడు.