మోర్టీ గెల్బ్‌కు సన్మానం

హాలీవుడ్‌లో ఎవరికి ఎవరు ప్రాణస్నేహితులో, ఎవరికి ఎవరు బద్ధశత్రువులో నిర్ణయించే అధికారం స్టూడియో ప్రచార విభాగానిదేనని ఇందుమూలంగా తెలియజేయడమైనది. నా జుట్టు నెరిసింది ఆ విభాగంలోనే. తారల చేతులు కలిపించి, ఫొటో తీయించి, మళ్లీ విడదీయించడం మా పని. వాళ్ల ఇష్టాయిష్టాలు అడిగే దురలవాటు మాకు లేదు.

హాస్యనటుడు మోర్టీ గెల్బ్‌కు ప్రాణస్నేహితుడిగా అందగాడు రోడెరిక్ లేన్‌ను నియమించింది మేమే. ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకున్న పాపాన పోలేదు. అయినా పత్రికల్లో కలిసి చేపలు పట్టేవారు. ఆ చేపల్ని మేం బజార్లో కొనేవాళ్లం.

శత్రువుగా మరో హాస్యనటుడు బార్నీ ఓడౌడ్‌ను ఇచ్చాం. ఆదివారం రేడియోలో వాళ్లిద్దరూ దుమ్మెత్తిపోసుకుంటుంటే దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది, ఆ కార్యక్రమాన్ని పోషించే కంపెనీ సబ్బులు అమ్ముడుపోయేవి. నిజానికి ఇద్దరూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు. బయట స్నేహంగా కనబడకూడదని ఒప్పందం కనుక, బార్నీ ప్లంబర్ వేషం వేసుకుని మోర్టీ ఇంటికి దొడ్డిదారిన వెళ్లేవాడు. ఆ ఇంటి కుళాయిల దుస్థితి చూసి ఇరుగుపొరుగు జాలిపడేవారు.

ఇంతలో మోర్టీ గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ గొంతు తుప్పుపట్టిన తలుపులా కిర్రుమనసాగింది. రేడియో తప్ప మరో బతుకు తెలియని మనిషి. అతణ్ణి ఉంచాలా, సాగనంపాలా అన్నది ఆ సబ్బుల కంపెనీ యజమాని హూక్‌స్ట్రా గారి చేతిలో ఉంది. ఆయన, మోర్టీకి మేం ఏర్పాటు చేసిన సన్మాన భోజనం నాడు చూసి చెబుతానన్నారు.

మా ఊళ్లో సన్మానమంటే తోటి నటులు లేచి ఆ మనిషిని నానా తిట్లూ తిట్టడం. బతికున్నవాణ్ణి తిడతాం, పోయినవాణ్ణి పొగుడుతాం. అది మా మర్యాద. బార్నీని మాత్రం పిలవలేదు. రోగి దగ్గరికి శత్రువు రావడం శోభించదని మా విభాగం తీర్మానించింది.

ఆ రోజు ఒక్కరంటే ఒక్కరు తిట్టలేదు. "మోర్టీ వంటి మహానుభావుడు మళ్లీ పుట్టడు! ఆయన జ్ఞాపకాలే మనకు దారిదీపాలు!" అంటూ రోడెరిక్ రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. మోర్టీ ఆదివారం కార్యక్రమాన్ని తనకిమ్మని అతగాడు అప్పటికే అర్జీ పెట్టుకున్నాడు. కన్నీళ్లకూ దానికీ సంబంధం లేదు. తర్వాత లేచినవాళ్లంతా అదే బాట పట్టారు. ఒక్కో పొగడ్తకూ మోర్టీ ముఖం పాలిపోతోంది. హూక్‌స్ట్రా గారు వెళ్లిపోవడానికి టోపీ అందుకున్నారు.

అప్పుడు పిలవని పేరంటానికి బార్నీ వచ్చాడు.

"ఒరేయ్ మోర్టీ! సిగ్గులేని సన్నాసీ! నోర్ముయ్యరా అని ఇన్నేళ్లూ మొత్తుకున్నా విన్నావా? డాక్టరు కత్తి పట్టుకుంటే గానీ మూయలేదు!"

"అయ్యయ్యో, రోగిష్టి మనిషిని పట్టుకుని అవేం మాటలు!" అందొక ఇల్లాలు.

"మీరుండండమ్మా!" అని బార్నీ మళ్లీ మోర్టీ వైపు తిరిగాడు. "నీ కొత్త గొంతు నేనూ విన్నాన్రా. పాతదానికంటే నయం. ఏం కూస్తున్నావో ఎవరికీ అర్థం కాదు. ఏం, ఉలకవేం? చచ్చావా?"

తిడుతూనే మంచినీళ్ల గ్లాసు మోర్టీ ముందుకు జరిపాడు. మోర్టీ మెల్లగా లేచాడు.

"ఒరేయ్ బార్నీ," అంది ఆ కిర్రుగొంతు, "ఏళ్ల తరబడి నీ జోకులు మింగలేక మింగాను కదరా. అవే అడ్డంపడ్డాయిట. డాక్టరు తీసి చూపించాడు."

హాలు పగలబడి నవ్వింది. హూక్‌స్ట్రా గారు కళ్లు తుడుచుకుంటూ టోపీ పక్కన పెట్టి, "ఆ గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఇంకెవరూ బాగుచెయ్యకండి" అన్నారు. మోర్టీ ఉద్యోగం నిలబడింది.

మర్నాడు సంగతి పత్రికల్లో పడగానే ఉత్తరాలు మూటలు మూటలుగా వచ్చిపడ్డాయి. రోగిని తిట్టిన బార్నీని మహిళా సంఘాలు ఏకగ్రీవంగా ఖండించాయి. పాఠకుల ఓట్లతో ఆ ఏటి ఉత్తమ స్నేహితుడిగా రోడెరిక్ లేన్ ఎన్నికయ్యాడు. ప్రశంసాపత్రం రాసింది నేనే. చాలా బాగా వచ్చింది.

పాపం, ఆ పాఠకులను చూసి మీరు నవ్వకండి. రేపు మీరు మంచాన పడితే, పూలగుత్తితో వచ్చి కళ్లొత్తుకున్నవాడికి కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. "లేవరా సన్నాసీ!" అని కసిరినవాడి ముఖం మీదే తలుపేస్తారు.