డెబ్బై కిలోల మనిషి

ప్రతి ఆదివారం పొద్దున ఆ ఇంట్లో పెట్టుకున్న పని ఒక్కటే, గొర్రెపిల్లలను తూచడం. ఇంట్లో ఉన్నది మనుషుల బరువు చూసే మిషన్. దాని మీద పిల్లలు నిలబడవు. అందుకని ఇంటాయన ఒక్కో పిల్లనూ చంకనెత్తుకుని మిషనెక్కి, వచ్చిన అంకెలోంచి తన డెబ్బై తీసేసేవాడు. ఆ అంకె రెండు నెలల కిందట చూసుకున్నది. మళ్ళీ చూసుకోమని భార్య అంటే, "నా బరువు నాకు తెలీదా?" అని కసిరాడు.

రెండు నెలలుగా పిల్లల బరువు పెరగలేదు. ఎత్తి అందిస్తుంటే చేతులు పడిపోతున్నాయని ఆమె మొత్తుకున్నా, "నీ చేతులను నమ్మాలా, మిషన్ను నమ్మాలా?" అన్నాడు. దాణా సరిగ్గా పెట్టడం లేదని భార్య మీద విరుచుకుపడి కంచం ముందు నుంచి లేచిపోయాడు. టీ కోసం తల్లి గొర్రెల పాలు పిండుతోందని కన్నతల్లిని అనుమానించి మరో పూట లేచాడు. ప్యాంటు జారుతుంటే, ఉతికి సాగదీశావని మళ్ళీ లేచాడు. గొర్రెలు కట్టే తాడునే నడుముకు బిగించుకుని తిరిగాడు. మొదట్లో ఆమె బతిమాలింది. తర్వాత ఒళ్ళు మండి మానేసింది. ఆయన వదిలేసిన అన్నం పూటపూటా కుడితి తొట్టిలోకి, అక్కణ్ణుంచి గొర్రెల కడుపుల్లోకి చేరేది.

చివరికి మంద మొత్తం అమ్మేస్తానని గొర్రెల బేరగాణ్ణి పిలిచాడు. ఒక్క గొర్రెతో మొదలుపెట్టి ఆ మందను పెంచింది ఆమె. ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. ఆమె పళ్ళు బిగించి దొడ్డి తలుపుకు అడ్డంగా నిలబడింది.

బక్క పిల్లలని తేల్చి ధర దించుదామని బేరగాడు తన వేలాడే కాటా తెచ్చుకున్నాడు. దొడ్డి బయట తిరుగుతున్న ఒక పిల్లను తగిలించి చూసి, కాటాను రెండుసార్లు తట్టాడు. పిల్ల ఆయన చెప్పినదానికి దాదాపు రెట్టింపు తూగింది.

"నీది దొంగ కాటా," అన్నాడు ఇంటాయన.

బేరగాడికి రోషం వచ్చింది. "కొనేవాడి కాటా తక్కువ చూపిస్తుందని తిట్టినవాళ్ళున్నారు గానీ, ఎక్కువ చూపిస్తుందని తిట్టింది మీరే అయ్యా."

అప్పుడు ఆమె మిషన్ తెచ్చి ఆయన కాళ్ళ ముందు ఠక్కున పెట్టింది. "ఏమండీ, చంకలో ఏమీ లేకుండా ఎక్కండి."

రుసరుసలాడుతూనే ఎక్కాడు. అరవై ఒకటి.

అత్తగారు వంగి చూసింది. "పిల్లలు ఎదగలేదంటావేంరా? నీ వాటా కూడా తిని ఎదిగితేను."

"మరి బేరమమ్మా?" అన్నాడు బేరగాడు.

"మంద నాది. అమ్మేది లేదు," అంది భార్య.

బేరగాడు ఇంటాయనను ఎగాదిగా చూశాడు. "ఇక మిగిలింది కొనేంత బరువు లేదు లెండి," అని కాటా సర్దుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు పడలేదు. ఆయన మారు వడ్డించమన్నాడు.